జాకీ ఆపిండు, కుర్చీ విరిగింది

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్‌లో రేసుకోర్సు లేదు. గేట్లు అంటే మాకు తెలిసినవి గోదావరి మీది బాబ్లీ బ్యారేజీవే. అవి జూలై 1న లేస్తాయి, అక్టోబరు చివర్లో దిగుతాయి. వాటి మీద ఎవరూ పందెం కాయరు. ఊరు మొత్తం వెతికినా కనిపించేవి బారాత్ గుర్రాలే, అవీ బ్యాండు మేళం చప్పుడుకు అలవాటుపడి నిలబడి నిద్రపోయే రకం. అయినా ఏటా ఫిబ్రవరిలో, ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ జరిగిన మర్నాడు, మా స్టేషన్ రోడ్డు చాయ్ టపరీ దగ్గర న్యాయస్థానం కొలువుదీరుతుంది. 2400 మీటర్ల రేసు రెండున్నర నిమిషాల్లో అటో ఇటో తేలిపోతుంది. దాని మీద విచారణ మాత్రం శివరాత్రి దాటినా తేలదు.

ఈ న్యాయస్థానంలో గెలిచిన గుర్రం ఊసెత్తడం నేరం. గెలిచినదాని గురించి పేపరువాళ్లు రాస్తారు, యజమాని కప్పు పట్టుకుని ఫోటో దిగుతాడు, అక్కడితో దాని పని అయిపోయింది. ఇక్కడ తేల్చాల్సింది ఓడినవాటిలో ఎవరిది గొప్ప ఓటమి అనేది. "గెల్సింది అది. గెలవాల్సింది ఇది" అంటాడు మా మిర్చి అడితీ సేటు. 'ఇది' ఏ గుర్రమో కనుక్కోవడం కష్టం కాదు. సేటు పైసలు దేని మీద ఉన్నాయో అదే.

అవార్డులు మూడు. ఉత్తమ పరాజిత అశ్వం, ఉత్తమ పరాజిత సవారీ, ఆ రెండింటికంటే గిరాకీ ఎక్కువున్న మూడోది: "జాకీ ఆపిండు," అంటే కావాలనే గుర్రాన్ని వెనక్కి పట్టాడని. ఈ మూడోదానికి నామినేషన్లు అక్కర్లేదు. ఓడిన ప్రతి జాకీ పుట్టుకతోనే అర్హుడు.

జ్యూరీలో సేటు కాకుండా ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన రిటైరైన క్యాషియర్, లెక్క తప్పదు. రెండోవాడు ఫోన్లు రిపేరు చేసే కుర్రాడు, స్క్రీన్ వాడిదే. సేటు దగ్గర చట్టం కూడా ఉంది. గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని, అది జూదం కాదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. గుర్రానికిచ్చే శిక్షణ, జాకీ పనితనం చూసి కోర్టు ఆ మాట అంది. సేటు మాత్రం ఆ తీర్పు తన పేరు మీద వచ్చిన సర్టిఫికెట్ అనుకుంటున్నాడు. 2023 అక్టోబరు నుంచి పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ అన్నప్పుడు, తెలివికి కూడా పన్ను వేస్తారా అని ఆయన పడ్డ బాధ చూడలేక టపరీవాడు ఒక కట్ చాయ్ ఫ్రీగా ఇచ్చాడు.

ఫిబ్రవరి దాటితే ముంబై గుర్రాలు సరిపోవు. పాత వీడియోలు తవ్వుతారు, ప్రపంచం మొత్తం మా టపరీ పరిధిలోకి వస్తుంది. అలా ఒక సాయంత్రం 1986 నాటి ఇంగ్లండ్ ఎప్సమ్ డెర్బీ విచారణకు వచ్చింది.

కేసు సంగతి ఇది. డాన్సింగ్ బ్రేవ్ అనే గుర్రం ఫేవరెట్. జాకీ గ్రెవిల్ స్టార్కీ దాన్ని చాలా వెనక పెట్టుకుని వచ్చాడు. ఆఖరి మలుపు తిరిగాక వదిలాడు. అది పిచ్చి వేగంతో వచ్చి, షహ్రస్తానీ అనే గుర్రానికి అర లెంగ్త్ దూరంలో, అంటే సగం గుర్రం పొడవు దూరంలో ఆగిపోయింది. ఇంగ్లండ్ మొత్తం స్టార్కీని దుమ్మెత్తిపోసింది. ఆయన మిగిలిన జీవితం ఆ అర లెంగ్త్ మోస్తూనే గడిపాడు. అదే సంవత్సరం అక్టోబరులో, పారిస్‌లో ఆర్క్ రేసు. అదే డాన్సింగ్ బ్రేవ్. పైన ఉన్నది ప్యాట్ ఎడరీ. ఆయనా వెనకే పెట్టుకున్నాడు, ఆయనా ఆలస్యంగానే వదిలాడు, బయటి వైపు నుంచి వచ్చి గెలిచాడు. అది మహాద్భుతమైన సవారీ అని నేటికీ చెప్పుకుంటారు. గెలిస్తే ఓపిక, ఓడితే నిద్ర. రెండు ట్రాకుల తేడా, రెండు రేసుల వేగం తేడా గురించి మాట్లాడాలంటే బుర్ర కావాలి. ఆపిండు అనడానికి నోరు చాలు.

నేను ఈ మాటే అన్నాను. సేటుకు కోపం వచ్చింది. "అట్ల గాదు, ఎట్ల ఉరికియ్యాల్నో నేన్ చూపిస్త" అని లేచాడు.

ఇక్కడ కొంచెం ఆగి బరువుల సంగతి చెప్పాలి. డెర్బీలో ఒక గుర్రం మీద వేసే బరువు జాకీ, జీను అన్నీ కలిపి 57 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మా సేటుకు జీను అవసరం లేకుండానే అంతకు రెండింతలకు కాస్త తక్కువ. టపరీవాడి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని ఆయన గుర్రంగా నియమించాడు. మరాఠీ పేపరు చుట్టి కొరడా చేశాడు. ఫోన్ కుర్రాణ్ణి కుర్చీ వీపు పట్టుకోమన్నాడు, అది తల. చెప్పులు విడిచి కుర్చీ ఎక్కి, మోకాళ్లు వంచి, పిరుదులు గాల్లోకి లేపాడు. "జాకీ కూసోడు. గిట్ల నిలబడ్తడు. సూడుర్రి." ఆటోవాళ్లు నలుగురు చూడటానికి వచ్చారు. క్యాషియర్ కామెంటరీ మొదలుపెట్టాడు. సేటు మొదటి రెండు నిమిషాలు ఏమీ చేయలేదు, అది వ్యూహం. కాళ్లు వణకడం మొదలయ్యాక, "ఇగ మలుపు!" అని ఎడమకు వాలాడు. కుర్రాడు కుడికి లాగాడు. "ఇప్పుడు వదుల్త!" అని కొరడా ఎత్తాడు.

కుర్చీ వెనక కాళ్లు రెండూ దూరం జరిగాయి. కాసేపు ఏమీ జరగనట్టే అనిపించింది. తర్వాత సేటు బల్ల మీద, బల్ల గ్లాసుల మీద, గ్లాసుల్లో చాయ్ క్యాషియర్ ప్యాంటు మీద.

వెంటనే స్టీవార్డుల, అంటే రేసులో తప్పొప్పులు తేల్చే అధికారుల విచారణ జరిగింది. టపరీవాడే చీఫ్ స్టీవార్డ్, కుర్చీ వాడిదే కాబట్టి. సేటు వాంగ్మూలం వినదగ్గది. కుర్చీ నాసిరకం. నేల వంకర. పోరడు గట్టిగ పట్టలే. కొరడా మరాఠీ పేపరు, తెలుగు పేపరైతే పేజీలెక్కువ. పైగా ఆటోవాళ్లు అడ్డమొచ్చిన్రు. గుర్రం మీద, ట్రాకు మీద, స్టార్టర్ మీద, తోటి జాకీల మీద ఒకే దమ్ములో అభ్యంతరం చెప్పిన సవారీదారుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. స్టార్కీకి నలభై ఏళ్లుగా ఇవ్వని మినహాయింపులన్నీ సేటు తనకు నలభై సెకన్లలో ఇచ్చుకున్నాడు. చివరికి ఆ సాయంత్రం ఉత్తమ పరాజిత సవారీ అవార్డు ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదు. కుర్చీ డబ్బులు ఇంకా రాలేదు.

సరే, ఓటమికి నిజంగానే అవార్డు ఇవ్వాలంటే ఎలా ఇవ్వాలో కూడా చెప్పుకుందాం. 1973 గ్రాండ్ నేషనల్, ఇంగ్లండ్‌లో కంచెలు దూకే రేసు. క్రిస్ప్ అనే గుర్రం మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద దానికంటే 23 పౌండ్లు తక్కువ, అంటే దాదాపు పదిన్నర కిలోలు. ఏడు కిలోమీటర్ల దూరం, ముప్పై కంచెలు. జాకీ రిచర్డ్ పిట్‌మన్ క్రిస్ప్‌ను మొదటి చుట్టు నుంచే ముందుంచి పరుగెత్తించాడు. మిగతా గుర్రాలు ఒక దశలో వేరే రేసులో ఉన్నాయా అన్నంత దూరం. ఆఖరి కంచె దాటాక కాళ్లు తడబడ్డాయి. గీత ముందు రెడ్ రమ్ ముప్పావు లెంగ్త్ తేడాతో దాటేసింది. పాత రికార్డు దాదాపు 19 సెకన్ల తేడాతో బద్దలైంది. ఓడిన గుర్రం కూడా ఆ పాత రికార్డును చిత్తు చేసింది. ఇక్కడ చూడాల్సింది ఎంత బరువుతో, ఎంత వేగంలో, ఎవరి చేతిలో ఓడిందనేది. ఆ లెక్క వేసే ఓపిక మా జ్యూరీలో క్యాషియర్‌కు ఒక్కడికే ఉంది, ఆయనేమో ప్యాంటు ఉతుక్కుంటున్నాడు.

అదే 1973లో షామ్ అనే గుర్రం. అమెరికాలో కెంటకీ డెర్బీకి గేటులో తల కొట్టుకుని రెండు పళ్లు ఊడగొట్టుకుని, సెక్రెటేరియట్ అనే గుర్రం వెనకే రెండోదిగా వచ్చింది. వేరే ఏ సంవత్సరంలో పుట్టినా దాని కథ వేరేగా ఉండేది. 1978లో అలీడార్ అమెరికా పెద్ద రేసులు మూడింటిలోనూ, ట్రిపుల్ క్రౌన్ అంటారు వాటిని, అఫర్మ్‌డ్ వెనక రెండోదే: ఒకటిన్నర లెంగ్త్, మెడ, తల. తేడా తగ్గుతూ వచ్చింది, రేసులే అయిపోయాయి. వీటి గురించి వాదన లేదు, మన తీర్పు కోసం అవి కాచుకుని కూర్చోలేదు.

పిట్‌మన్ ఆ రోజు కొరడా కోసం కుడిచేయి లేపినందుకు గుర్రం పక్కకు వాలిందని, తప్పు తనదేనని తనే చెప్పుకున్నాడు. 2010లో జెన్యాటా తన ఇరవయ్యో రేసులో, జీవితంలో మొదటిసారి, బ్లేమ్ అనే గుర్రం చేతిలో తల తేడాతో ఓడింది. అంతకుముందు 19 సార్లూ వెనక నుంచే వచ్చి గెలిచిన గుర్రం అది. దాని జాకీ మైక్ స్మిత్ విలేకరుల ముందు ఏడ్చి, తప్పు నాదే అన్నాడు. సేటు ఆ వీడియో చూసి తొడ చరిచాడు: "సూడు, ఆనే ఒప్పుకున్నడు!" ఒప్పుకున్నవాడి మాటే వాడి మెడకు తాడు. ఒప్పుకోనివాడికి ఏదో గుట్టు ఉన్నట్టు. ఇక తప్పించుకునే దారేదీ?

నిజమైన తప్పులు లేవా? ఉన్నాయి. 1957 కెంటకీ డెర్బీలో విల్లీ షూమేకర్ గీత ఎక్కడుందో పొరబడి ముందే లేచి నిలబడ్డాడు, గాలంట్ మ్యాన్ ముక్కు తేడాతో ఓడింది. స్టీవార్డులు 15 రోజులు రేసులకు దూరంగా కూర్చోబెట్టారు. అదే గుర్రం మీద అదే ఏడు బెల్మాంట్ గెలిచాడు. మొత్తం జీవితంలో 8,833 రేసులు గెలిచాడు. మన జ్యూరీకి ఆ ఒక్క ముక్కే కనబడుతుంది. కావాలని గుర్రాన్ని ఆపేవాళ్లూ లోకంలో ఉన్నారు, దొరికితే లైసెన్సు పోతుంది. కానీ ఓడిన ప్రతివాడూ దొంగేనంటే, గెలిచినవాడు ఎవరిని ఓడించినట్టు?

నాకు నవ్వు ఆగిపోయింది ఎయిట్ బెల్స్ వీడియో దగ్గర. 2008 కెంటకీ డెర్బీ. ఇరవై గుర్రాలు, అందులో ఆడగుర్రం అదొక్కటే. బిగ్ బ్రౌన్ వెనక రెండోదిగా వచ్చింది. గీత దాటి, వేగం తగ్గించుకుంటుండగా ముందు కాళ్లు రెండూ విరిగి కూలిపోయింది. అక్కడే, ట్రాకు మట్టిలోనే, సూది వేసి చంపేశారు. పైనున్న గాబ్రియేల్ సాయెజ్‌కు ఇరవై ఏళ్లు. అతణ్ణి సస్పెండ్ చేయాలని గొడవ లేచింది. మా టపరీలో ఆ వీడియో చూసి సేటు అన్న మాట: "రెండోది మస్తు ఉరికింది. అవార్డ్ దీనికే."

దేనికి సేటూ అవార్డు? అయిదు క్వింటాళ్ల జంతువు, ఉరకలో ఒక్కో క్షణం బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఆ కాలి కింది భాగం నీ మణికట్టు కంటే పెద్ద లావేమీ కాదు. దాన్ని అలా పెంచింది ఎవరు, మూడేళ్ల వయసుకే అలా పరుగెత్తించింది ఎవరు? నీలాంటి నాలాంటి వాళ్ల పైసలు. దాని మీద కూర్చున్నవాడు ఆ ఉదయం తిన్నదేమిటో నీకు తెలుసా? బరువు తగ్గడానికి ఆవిరి గదిలో చెమట కార్చి, నీళ్లు కూడా కొలిచి తాగి, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఇంకో పందొమ్మిది గుర్రాల డెక్కల మధ్య కూర్చుంటాడు. వాడు పని చేస్తున్నంతసేపూ వెనకాల అంబులెన్సు వస్తూ ఉంటుంది. నువ్వు అడితీ తెరిస్తే నీ వెనకాల అంబులెన్సు పెడతారా? వాణ్ణి నువ్వు వంద రూపాయల కోసం దొంగ అంటావు. సిగ్గుండాలి!

పైగా ఓడినవాళ్ల మీద ఇంత ప్రేమ కారిపోయే మనిషిని పొద్దున్నే మోండాలో, అంటే మిర్చి మార్కెట్టులో చూడండి. రైతు తెచ్చిన బస్తా చింపి, గుప్పెడు మిర్చి తీసి, విరిచి, వాసన చూసి, కింద పారేస్తాడు. "తాలు ఎక్కువుంది." కల్లంలో ఆరబెట్టినప్పుడు వాన పడిందని, కూలీలు దొరకలేదని, బండి బాడుగ పెరిగిందని ఆ రైతు చెప్పబోతాడు. వినేవాడు ఉండడు. ఆ మనిషి క్రిస్ప్ కంటే ఎక్కువ బరువు మోసుకొచ్చాడని, రెండో రకం మిర్చికి ఉత్తమ పరాజిత పంట కింద క్వింటాలుకు పది రూపాయలు ఎక్కువ కట్టిన దాఖలా మా మోండా చరిత్రలో లేదు. అక్కడ రేటు ఒక్కటే, ధర పలికినవాడిది.

కాబట్టి నేను ఒక ప్రతిపాదన పెట్టాను. లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతరకు ఏటా గుర్రాల సంత జరుగుతుంది, దూరదూరాల నుంచి గుర్రాలు వస్తాయి. జ్యూరీలో ఉండాలనుకునేవాళ్లు అక్కడ ఒక గుర్రం ఎక్కి ఒక్క చుట్టు తిరిగి రావాలి. కింద పడితే పడొచ్చు, ఎలా పడ్డారో తర్వాత మేము తీరిగ్గా తేలుస్తాం. సేటు ఆలోచించి ఒప్పుకున్నాడు, చిన్న సవరణతో. గుర్రం ఆయన ఎంచుతాడు, ఎక్కేది ఫోన్ కుర్రాడు. కుర్రాడు ఏమీ అనకముందే క్యాషియర్ వాడి బరువు రాసుకున్నాడు, ఆటోవాళ్లు ఇద్దరు పైసలు తీశారు, టపరీవాడు విరిగిన కుర్చీ ధర కూడా అందులో కలపమన్నాడు. విషయం ప్రస్తుతానికి వాయిదా పడింది. పందెం మీద జీఎస్టీ ఎవరు కట్టాలో తేలలేదు.