మేకుల మీద వేలాడుతున్న మా డెక్కు గారికి

గౌరవనీయులైన డెక్కు గారికి,

నమస్కారం. వయసులో మీరు మా సంసారం కన్నా పెద్దవారు. తొంభైల చివర్లో, ఈ న్యూజెర్సీ ఇంటితో పాటే, దాని వెనుక గోడకు ఆనించిన చెక్క అరుగుగా మిమ్మల్నీ నిలబెట్టారట. ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు స్టెయిన్ అనే ఎర్రటి చెక్క రంగు కొత్తగా పూయించుకుని, పెళ్లిచూపులకు వచ్చిన వరుడిలా తళతళలాడుతూ కూర్చున్నారు. ఇంటిని పరీక్షించిన పెద్దమనిషి తన లావుపాటి నివేదిక చివర్లో 'డెక్కును నిపుణులకు చూపించడం మంచిది' అని ఒక వాక్యం రాశాడు. ఆ నివేదికలు వంటింటి కుళాయి మొదలు పైకప్పు దాకా అన్నిటినీ నిపుణులకు చూపించమనే అంటాయి. అందువల్ల అలాంటి వాక్యాన్ని మా వాళ్లలో ఎవరూ పట్టించుకోరు, అది మీకు బాగా కలిసొచ్చింది.

మిమ్మల్ని కట్టిన వడ్రంగి లెక్కలో మీ ఉద్యోగం తేలికైనది. నాలుగు కుర్చీలు, ఒక గొడుగు, ఆదివారం సాయంత్రం ఒక గ్రిల్లు. తెలుగువాళ్లు వచ్చి చేరతారని పాపం ఆయనకేం తెలుసు! చేపల వేపుడు వాసన కార్పెట్‌కు పట్టకూడదని గ్యాసు పొయ్యి బయటికొచ్చి మీ మీద కూర్చుంది. కరివేపాకు చెట్టుకూ, మల్లెకూ, తులసికీ, బెండ మొక్కలకూ పెద్ద పెద్ద కుండీలు వచ్చాయి. వాటికి రోజూ నీళ్లు పోస్తాం, వాటి కింది పలకలు వేసవి మొత్తం తడి ఆరవు. ఆనప తీగకు మీ రెయిలింగే పందిరి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చిన ఏడాది వడియాలు, ఊరమిరపకాయలు కూడా మీ ఒంటి మీదే ఎండాయి.

ఇక శ్రావణ మాసం. వ్రతానికి పిలిచింది ఇరవై మందినైతే వచ్చేది నలభై అయిదు మంది. భోజనాలు మీ మీదే. మీ కొలత పన్నెండడుగులు, పదహారడుగులు, అంటే 192 చదరపు అడుగులు. ఇక్కడి నిర్మాణ నియమాల ప్రకారం డెక్కు చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోయాలి. మొత్తం 7,680 పౌండ్లు. 45 మంది సగటున 160 పౌండ్ల చొప్పున 7,200 పౌండ్లు. కుండీలూ, పొయ్యీ, పులిహోర గిన్నెలూ కలిస్తే హద్దు దాకా వచ్చినట్టే. కాగితం మీద మీరు ఇంకా పాసే. ఆ కాగితం మాత్రం గట్టి చెక్కనూ, సరైన బోల్టులనూ ఊహించుకుని రాసినది.

భోజనాలయ్యాక ఎవరో ఒకరు 'అందరూ ఒకసారి రెయిలింగ్ దగ్గరికి రండి' అంటారు. గ్రూప్ ఫోటో! పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనుక, బావగారు రెయిలింగ్ మీదికి ఆనుకుని. ఆ రెయిలింగ్ పైకమ్మీ ఎక్కడ తోసినా 200 పౌండ్ల బలానికి నిలవాలని నియమం. మీ రెయిలింగ్ స్తంభాల అడుగుభాగాన్ని సగానికి సగం చెక్కేసి, ఆ సగానికి రెండు మేకులు కొట్టి వదిలేశారు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, మీరు కూడా.

మొన్న స్నో కరిగాక ఒక టార్చి లైటూ, ఒక స్క్రూడ్రైవరూ పట్టుకుని మీ కిందికి వచ్చాను. పై నుంచి చూసినన్నాళ్లూ మీరు పెద్దమనిషే. కింద వేరే మనిషి కనిపించాడు. మిమ్మల్ని ఇంటి గోడకు కలిపి పట్టుకున్న అడ్డ చెక్క, ఇక్కడి పనివాళ్లు లెడ్జర్ బోర్డు అనేది, మీ బరువులో దాదాపు సగం దాని మీదే ఉంటుంది. దాన్ని వినైల్ సైడింగ్ మీదే, అంటే ఇంటి బయటి గోడకు తొడిగిన ప్లాస్టిక్ పలకల మీదే, అదిమి మేకులు కొట్టారు. బోల్టు అన్నది వెతికినా లేదు. పైనుంచి నీరు వెనక్కు జారకుండా మడిచి పెట్టే రేకు లేదు. పాతికేళ్ల వానలూ మంచూ ఆ సందులోకి దిగి, లోపల చీకట్లో హాయిగా కాపురం పెట్టాయి. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే గట్టి చెక్క ఎదురు చెప్పాలి. మీ చెక్క మర్యాదగా దారి ఇచ్చింది.

మేకు సంగతి మీకు నా కన్నా బాగా తెలుసు. పైనుంచి కిందికి పడే బరువును అది కొంతకాలం ఆపుతుంది. గోడ నుంచి బయటికి లాగే బలం వచ్చినప్పుడు మాత్రం, వచ్చిన దారినే వెనక్కి జారిపోతుంది. తుప్పు పట్టి, చుట్టూ చెక్క పుచ్చితే మరీ తొందరగా. కూలిన డెక్కుల కథల్లో మళ్లీ మళ్లీ కనిపించేది ఈ అతుకే. పలక విరిగితే ఒక కాలు దిగబడుతుంది, అతుకు ఊడితే డెక్కు మొత్తం వెళుతుంది. అది కూడా ఖాళీగా ఉన్న మంగళవారం మధ్యాహ్నం కాదు, నిండా జనం ఉన్నప్పుడు.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. 2003 జూన్ 29న షికాగో లింకన్ పార్క్‌లో అపార్ట్‌మెంట్ వెనుక ఉన్న మూడంతస్తుల చెక్క వరండా పార్టీ మధ్యలో కూలింది. పదమూడు మంది పోయారు. జనం ఎక్కువయ్యారా, కట్టుబడి నాసిరకమా అని తరవాత వాదించుకున్నారు. 2015 జూన్ 16న బర్క్‌లీలో ఒక పుట్టినరోజు వేడుకలో అయిదో అంతస్తు బాల్కనీ విరిగింది. ఆరుగురు యువతీ యువకులు పోయారు, ఏడుగురు గాయపడ్డారు. ఆ భవనానికి పదేళ్లు కూడా నిండలేదు. లోపల దూలాలు తడికి పుచ్చిపోయాయి, పైకి ఏమీ కనిపించలేదు. ఆ తరవాత కాలిఫోర్నియా 2018లో చట్టం చేసి, మూడు లేదా అంతకు మించి వాటాలున్న అద్దె భవనాల బాల్కనీలనూ డెక్కులనూ గడువు పెట్టి పరీక్షించాలంది. సొంత ఇంటి వెనుక ఉన్న మీ జాతికి ఆ బాధ లేదు. మీ కిందికి దూరమని ఎవరినీ ఏ చట్టమూ పంపదు.

పంపకపోయినా సలహాదారులకు లోటు లేదు. నివేదికలో ఆ వాక్యం చదివిన రోజే మా తోడల్లుడు మీ మధ్యలో నిలబడి కాలితో గట్టిగా తొక్కి, 'బండలా ఉంది, అనవసరంగా భయపడకండి' అని ధ్రువపత్రం ఇచ్చేశాడు. పక్కింటి అన్నయ్య ప్రెషర్ వాషర్ తెచ్చి మీ పెచ్చులు లేచేలా స్నానం చేయించాడు. అసలు నీళ్లను అంత ఒత్తిడితో కొడితే చెక్క పీచు చిరిగి ఇంకా ఎక్కువ నీరు తాగుతుంది. ఆ మీదట స్టెయిన్, మెట్లకు సోలార్ దీపాలు, కుళ్లిన మూల కనిపించకుండా పచ్చ కార్పెట్ ముక్క. పైన పటారం పని అంతా అయిపోయింది. స్టెయిన్ పనికిరాదని కాదు, రెండు మూడేళ్లకోసారి పూస్తే పలకలకు మేలే. పుచ్చిన లెడ్జర్‌ను మాత్రం అది బాగుచేయదు.

మీలో ఇంకో రహస్యం ఉంది. 2003 చివరి దాకా ఇళ్ల పనులకు అమ్మిన, పుచ్చకుండా మందు పట్టించిన చెక్కలో ఎక్కువ భాగం క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన మందు తాగినదే. ఆ తరవాత తయారీదారులే ఇళ్ల వాడకానికి దాన్ని మానేశారు. మీ పుట్టుక అంతకు ముందుది. అలాంటి డెక్కులన్నీ పీకేయండని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పలేదు. తాకాక చేతులు కడుక్కోమంది, తిండి పదార్థాలు నేరుగా పెట్టవద్దంది, రాపిడి పెట్టి పొడి లేపవద్దంది, కాల్చనే కాల్చవద్దంది. మేము మీ మీద వడియాలు ఎండబెట్టాం. మీ నుంచి కారిన వాన నీళ్లు పడే మట్టిలో గోంగూర వేశాం, ఆ మట్టిలోకి ఆర్సెనిక్ కొద్దికొద్దిగా దిగుతుందని తెలియక కాదు, అక్కడ ఎండ బాగా పడుతుందని. ఇప్పుడు కొత్త గోంగూర మడి పెరటి చివరికి వెళుతోంది.

పోయిన సంక్రాంతికి వీధిలో నాలుగు కుటుంబాల వాళ్లు భోగి మంటకు పాత చెక్క వెతుకుతుంటే, మీ విరిగిన మెట్టు పలకల మీద కళ్లు పడ్డాయి. పాతవన్నీ మంటలో వేసేయడం మన సంప్రదాయమేననీ, ఇంతకన్నా పాతది దొరకదనీ ఒకాయన ఉత్సాహపడ్డారు. ఆ పొగ పీల్చడం ఒక ఎత్తు, ఆర్సెనిక్ మిగిలిపోయే బూడిద మరో ఎత్తు. దాన్ని మొక్కలకు వేయాలని కూడా ఎవరో అన్నారు! పలకలు భద్రంగా పక్కన పెట్టించాను. వాటిని ఎలా తీసుకుంటారో టౌన్‌షిప్ చెత్త విభాగాన్ని అడిగి పంపుతాం.

ఇక అసలు విషయం. మీకు మరమ్మతు మొదలవుతోంది, అదీ మీకు ఇష్టం లేని చోటి నుంచి. ముందు మిమ్మల్ని ఖాళీ చేస్తాం, కుండీలు కూడా దిగుతాయి. లెడ్జర్‌ను తాకే ముందు దూలాల కింద తాత్కాలికంగా అడ్డ దూలం పెట్టి, వెడల్పాటి దిమ్మెల మీద పోస్టులు నిలిపి, మీ బరువంతా వాటి మీదికి మారుస్తారు. కారు జాకీతో లేపుదామన్న మా వీధి మేధావికి దూరం నుంచే దండం పెట్టాం. అప్పుడు సైడింగ్ కోసి, ఇంటి చెక్క లోపల గట్టిగా ఉందో లేదో చూస్తారు. పుచ్చు ఇంట్లోకి పాకితే ముందు ఇంటికే వైద్యం. ఆ మీదట కొత్త లెడ్జర్, అర అంగుళం మందం బోల్టులు, వాషర్లు. దూలాలు ఎంత పొడవైతే బోల్టులు అంత దగ్గర. పైన నీరు మళ్లించే రేకు. ఇప్పటి చెక్కకు పట్టించే మందులో రాగి ఎక్కువ, అది మామూలు ఇనుమునూ అల్యూమినియంనూ తినేస్తుంది. అందుకని మేకులూ బోల్టులూ వేడి జింకులో ముంచినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలి. దూలాలను పట్టే హ్యాంగర్లలో, అంటే ఇనుప కొక్కేల్లో, ప్రతి రంధ్రానికీ దానికి తగిన మేకు కొట్టాలి. జిప్సం గోడలకు వాడే నల్ల స్క్రూలు అక్కడ కనిపిస్తే పని ఆపించేస్తాను, అవి వంగకుండానే పుటుక్కున విరుగుతాయి. పునాది గుంతలు తవ్వేముందు 811కు ఫోన్ చేసి, గ్యాసు, కరెంటు లైన్లు ఎటు పోతున్నాయో గుర్తులు పెట్టించుకుంటాం. కొత్త రెయిలింగ్ ముప్పై ఆరు అంగుళాలు, కర్రల మధ్య నాలుగంగుళాల బంతి దూరకూడదు. పసివాళ్ల తల కోసం పెట్టిన కొలత అది.

పర్మిట్ తీసుకున్నాం. ఇది విని పక్కింటి అన్నయ్య బాధపడ్డారు. 'వెనుక పెరట్లో పని, ఎవరు చూస్తారు' అన్నారు. ఇన్స్పెక్టర్ చూస్తాడు, అందుకే తీసుకున్నాం. కాంక్రీటు పోయకముందే గుంత లోతు చూసే బయటి మనిషి ఒకరు ఉండాలి, ఆ కళ్లు కాంట్రాక్టరువీ నావీ కాకూడదు. ఇక్కడి చలికి నేల గడ్డకట్టే లోతు కన్నా పునాది కిందికి పోకపోతే, ప్రతి చలికాలం ఆ నేల మిమ్మల్ని పైకి ఎత్తి, వేసవికి కింద దించుతుంది.

ఇదంతా పూర్తయ్యి, తనిఖీ కాగితం చేతికొచ్చే దాకా మీ మీదికి తెరుచుకునే వంటింటి తలుపుకు తాళం. వ్రతం ఈసారి బేస్‌మెంటులో. గ్రూప్ ఫోటో పెరట్లో గడ్డి మీద, మీకు తగినంత దూరంలో.

ఇట్లు,
తాళంచెవి జేబులో పెట్టుకున్న మీ ఇంటి యజమాని

తా.క.: తోడల్లుడు ఫోన్ చేశాడు. ఇంత ఖర్చు పెడుతున్నారు కదా, పనిలో పనిగా ఒక హాట్ టబ్ కూడా పెట్టించేయండి అన్నాడు. నాలుగు వందల గ్యాలన్ల నీళ్లే 3,300 పౌండ్లు దాటుతాయనీ, దానికి వేరే దూలాలూ వేరే పునాదులూ కావాలనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, 'అయితే సగమే నింపుదాం' అన్నాడు.