ఆ ఐస్‌క్రీం మెసేజ్ ఇక పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "ఐస్‌క్రీం గురించి భయంకర నిజాలు" అనే మెసేజ్ మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు గ్రూపులో ఒకసారి వచ్చింది, నిన్న నెల్లూరు నుంచి మా పిన్ని కూడా పంపింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

గబగబా తింటే తలనొప్పి వస్తుంది కాబట్టి మెదడు నరాలు గడ్డకడుతున్నాయట. చల్లదనం తగిలి అంగిలి దగ్గర రక్తనాళాలు ముడుచుకుని మళ్లీ వ్యాకోచిస్తాయి, ఆ నొప్పి నుదుట తెలుస్తుంది, కాసేపటికి పోతుంది. అంతే.

త్వరగా కరగకపోతే ప్లాస్టిక్ కలిపినట్టేనట. కరగడం ఆలస్యం కావడానికి చాలామంది వాడేది గ్వార్ గమ్, అంటే గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన పొడి. కొబ్బరికోరు వేసి మనం వండుకునే గోరుచిక్కుడే!

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటు చూసి. "ఐస్‌క్రీం తిన్నాక పిల్లలకు జ్వరం వస్తే అది చలవ జ్వరం, డాక్టర్ అక్కర్లేదు, మూడు రోజులు మిరియాల కషాయం పట్టండి." ఇది రాసినవాళ్లు వానాకాలంలో బెంగళూరులో ఒక్కసారైనా ఉన్నారా? పోయిన ఆగస్టులో మా అక్క కొడుకు ఆదివారం జయనగర్‌లో ఐస్‌క్రీం తిన్నాడు, మంగళవారానికి జ్వరం. ఇంట్లో అందరూ ఐస్‌క్రీంనే తిట్టారు, నేనూ తిట్టాను. కషాయం పట్టాం. శుక్రవారం జ్వరం దిగితే హమ్మయ్య అనుకున్నాం, సాయంత్రానికి కడుపునొప్పి, ఆగని వాంతులు. డెంగీ. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దోమ కుట్టాక 4 నుంచి 10 రోజులకు గానీ ఆ జ్వరం బయటపడదు, అంటే వాడు ఐస్‌క్రీం తినేనాటికే వైరస్ ఒంట్లో ఉంది. డెంగీలో జ్వరం తగ్గే సమయమే అసలు ప్రమాదం, మీ మెసేజ్ సరిగ్గా అప్పటిదాకా ఇంట్లో కూర్చోమంటోంది! మామూలు జలుబైనా వైరస్ వల్లే వస్తుంది, కప్పులోని చలవ వల్ల కాదు. కషాయం తాగించండి, కాదనను. రక్తపరీక్ష మాత్రం ఆపకండి.

నాలుగో పాయింటు, "మీరు తినే కోన్‌లు చాలావరకు ఐస్‌క్రీమే కావు" అన్నది చదివి కొట్టిపారేద్దామని ఫ్రీజర్ తెరిచాను. ఇన్నాళ్లూ పిల్లలకు కొనిస్తున్న కోన్ మీద చిన్న అక్షరాల్లో ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంది. మన నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీంలో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి, ఫ్రోజెన్ డెజర్ట్‌లో దాని బదులు వంటనూనెల కొవ్వు వాడొచ్చు. అది విషమేమీ కాదు, కానీ పాలదనుకుని కొన్నాను. ఈ ఒక్కటీ వాళ్లే కరెక్ట్.

పిన్నీ, నీకు విడిగా ఫోన్ చేస్తాను. మిగతావాళ్లు పంపక తప్పదనుకుంటే ఆ మూడో పాయింటు తీసేసి పంపండి.