ప్లాంట్లు లెక్కపెట్టారు సరే, అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు?

కంపెనీలు సామాజిక బాధ్యత కింద చేసే ఖర్చు, అంటే సీఎస్ఆర్, నివేదికల్లో తరచూ కనిపించే వాక్యం ఇది: ఇన్ని ఆర్వో (నీటిశుద్ధి) ప్లాంట్లు, ఇన్ని వేల మందికి సురక్షిత జలం. ఆ వేలు ఎక్కణ్నుంచి వచ్చాయని ఆరా తీస్తే, చాలాసార్లు ఊరి జనాభా మొత్తాన్నీ ప్లాంటు ఖాతాలో రాసేసి ఉంటారు. క్యాను కొనే ఇళ్లెన్ని, కొననివెన్ని అన్నది ఎవరికీ పట్టదు.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం ప్రభావ మదింపు, అంటే పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కిందా అన్న పరిశీలన, కొన్ని కంపెనీలకు తప్పనిసరి. కంపెనీ సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాల్సిన మొత్తం గత మూడేళ్ల సగటున రూ.10 కోట్లు, ఆపైన ఉంటే, కోటి రూపాయలకు తగ్గని ప్రతి ప్రాజెక్టునూ అది పూర్తయి కనీసం ఏడాది గడిచాక స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలి. బాగానే ఉంది. కానీ పని మొదలుకాకముందు ఊళ్లో పరిస్థితి ఏమిటో కొలవాలని మాత్రం ఆ నిబంధన అడగదు. తొలి కొలత లేకుండా రెండేళ్ల తర్వాత వచ్చిన సర్వేయరుకు దిక్కు జనం జ్ఞాపకమే. 'ముందుకంటే బాగుందా?' అంటే, ఎదురుగా కంపెనీ మనిషి కూర్చుని ఉండగా బాగాలేదని ఎవరంటారు?

తొలి సర్వేకు డబ్బుల్లేవన్న సాకు కూడా చెల్లదు. ఒక నిర్దిష్ట ప్రాజెక్టు రూపకల్పన, పర్యవేక్షణ, మూల్యాంకనాలకు నేరుగా అయ్యే ఖర్చు, పరిపాలనా వ్యయం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదన్న పరిమితిలోకి రాదు. ప్రాజెక్టు బడ్జెట్లోనే పెట్టుకోవచ్చు.

భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లనే తీసుకుందాం. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో దాతలు ఎక్కువగా పెట్టేది ఆర్వో ప్లాంటే. ఏడాది తర్వాత 'పిల్లల పళ్ల మీద గార తగ్గిందా' అని కొలిస్తే ఆ ప్రాజెక్టు విఫలమైనట్టే కనిపిస్తుంది. పంటి ఫ్లోరోసిస్ పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు పడే మచ్చ. ఒకసారి పడితే మంచినీళ్లు తాగినా పోదు. ప్లాంటు వచ్చాక పుట్టిన బిడ్డకు ఆరేడేళ్లకు పాలపళ్లు ఊడి ముందుపళ్లు మొలిస్తేగానీ అసలు ఫలితం తెలియదు. ఏడాదిలో కదిలేది మూత్రంలోని ఫ్లోరైడ్. ఏళ్ల తరబడి ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకున్న పెద్దల్లో అది నెమ్మదిగా దిగుతుంది కాబట్టి బడిపిల్లల నమూనాలు తీయడం మేలు. ఏ సూచిక ఏ గడువులో కదులుతుందో రాసుకోని ప్రణాళిక, ఎంత అందంగా ముద్రించినా ప్రణాళిక కాదు.

ఇక ప్రశ్నావళి. 'ప్లాంటు నీళ్లు వాడుతున్నారా?' అంటే అందరూ అవుననే అంటారు. క్యాను నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు వంటకు అని పంచుకునే ఇళ్లు చాలా ఉంటాయి. ఎసట్లో పోసిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మరిగితే పోదు, అన్నంలోకి చేరుతుంది. అందుకే వంటింట్లోకి వెళ్లి 'పొద్దున పప్పు ఏ నీళ్లతో వేశారు, చూపించండమ్మా' అనాలి. చూపించిన బిందెలోంచే నమూనా తీయాలి. ప్లాంటు దగ్గర ఆపరేటర్ చూపించే టీడీఎస్ మీటరును నమ్మకూడదు. అది కరిగిన లవణాల మొత్తం చెబుతుందే తప్ప ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5 వరకు అని భారతీయ ప్రమాణం. అది తేల్చాల్సింది ల్యాబు.

ఎన్ని ఇళ్లు? 400 గడపల ఊళ్లో 95 శాతం విశ్వాస స్థాయితో, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే దాదాపు 196 ఇళ్లు కావాలి. ప్లాంటు చుట్టూ ఉన్న వీధి తిరిగి 50 ఫారాలు నింపుకొస్తే కుదరదు. ఊరి చివరి కాలనీకి నీళ్లు అందాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. తొలి సర్వే ఏప్రిల్లో, మలి సర్వే అక్టోబరులో చేస్తే ఎండాకాలానికీ వానాకాలానికీ ఉన్న తేడా ప్రాజెక్టు ఘనతగా నమోదవుతుంది.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. 2016లో మొదలైన ఇంటింటి నల్లా పథకం మిషన్ భగీరథ నదీజలాలు చాలా ఫ్లోరైడ్ ఊళ్లకు చేరాయి. ఆ తర్వాత మెరుగైన ఆరోగ్యంలో ప్లాంటు వాటా ఎంత, నల్లా వాటా ఎంత? భగీరథ నీళ్లొచ్చి, ప్లాంటు లేని పక్క ఊళ్లో కూడా అదే సర్వే చేస్తేనే తేలుతుంది. ఆ పోలిక లేని నివేదిక ప్రభుత్వ పథకం ఫలితాన్ని కంపెనీ ఖాతాలో వేసుకున్నట్టే.

పంచాయతీకి అప్పగించాక కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మార్పిడి ఎవరు భరిస్తారో ఒప్పందంలో ఉండాలి. క్యాను ధర ఈ మూడింటినీ మోయకపోతే మొదట వాయిదా పడేది మెంబ్రేనే. ప్లాంటు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు అమ్ముడవుతూనే ఉంటాయి, ఫ్లోరైడ్ మాత్రం మెల్లగా వెనక్కొస్తుంది. ఆరు నెలలకోసారి ల్యాబు పరీక్ష, నెలనెలా అమ్మిన లీటర్ల రీడింగు, మెంబ్రేన్ మార్చిన తేదీ ఉన్న రిజిస్టరు ప్లాంటు గోడకు వేలాడుతుంటే, మదింపు సంస్థకు సగం పని అక్కడే అయిపోతుంది.