వల తీయమనడానికి మనమెవరం?

మా కెనో (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) క్లబ్బులో గత ఆదివారం జరిగినదాని గురించి నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఇక నా వల్ల కాదు. క్లబ్బు మిత్రులు కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

హనుమకొండ నుంచి పడవలు వ్యాను మీద కట్టుకుని ఒక చెరువుకు వెళ్లాం. కట్ట దిగేసరికి ఎదురుగా వలలు. మత్స్యకారుల సంఘం వాళ్లు రాత్రే వేసుకున్నవి. చుట్టి వెళ్తే మహా అయితే పది నిమిషాలు ఎక్కువ. మావాడొకడు, పాతికేళ్లు నిండనివాడు, థర్మాకోల్ తెప్ప మీద కూర్చున్న అరవై ఏళ్ల మనిషిని "ఏయ్, ఆ వల పక్కకు తీయి, మేము ప్రాక్టీసు చేసుకోవాలి" అన్నాడు. ఆయన తెడ్డు ఆపి, "తీస్తాను సార్. అంతవరకు చేపను ఆగమని మీరు చెప్పండి" అన్నాడు. మావాళ్లు నవ్వారు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగల్లేదు.

రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల నాటివి. ఎనిమిది వందల ఏళ్లుగా వాటి నీళ్లు పొలాలకు పారుతున్నాయి, వాటి చేపలు ఊళ్లను పోషిస్తున్నాయి. మన ఫైబర్ పడవలు నిన్నగాక మొన్న వచ్చాయి. వానాకాలంలో చేపపిల్లలను వదిలి, నెలల తరబడి కాపలా కాసి, ఎండలకు నీళ్లు తగ్గాక పట్టుకునేవాళ్లను వల తీయమంటామా? పైగా ప్రాక్టీసు అయ్యాక ఆ మనిషి దగ్గరే కొర్రమీను బేరమాడి, రాష్ట్ర చేప అంటూ ఫొటో పెడతాం!

పోనీ, పనితనంలో మనమేమైనా గొప్పా? కెనో తెడ్డుకు ఒకవైపే రెక్క ఉంటుంది. కుడివైపు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. అందుకే తెడ్డు వేసిన ప్రతిసారీ చివర్లో మణికట్టు తిప్పి, నీటిని కాస్త బయటికి నెట్టాలి. జే స్ట్రోక్ అని పేరు పెట్టి కొత్తవాళ్లకు దీన్ని నెలల తరబడి నేర్పిస్తాం. ఆ తెప్ప మనిషి ఒక చేత్తో వల వదులుతూ రెండో చేత్తో అదే పని చేస్తాడు, ఎవరూ పేరు చెప్పకుండానే.

రెండేళ్ల కిందట వానాకాలంలో చెరువు నిండి మత్తడి పోస్తోంది. నీళ్లు అద్దంలా ఉన్నాయని నేనూ ఇంకొకరూ తూము వైపు వెళ్లబోయాం. ఒడ్డు నుంచి ఒక కేక. తూము తెరిచి ఉన్నప్పుడు పైన కదలిక కనిపించదు, అడుగున నీరు గుంజుకుంటుంది. పడవ గోడకు ఆనుకుంటే ఇవతలికి రావడం కష్టం. మత్తడి సంగతి సరేసరి, ఆ అంచు నుంచి జారితే కింద సుడిలో మనిషి మళ్లీ మళ్లీ మునుగుతాడు. ఈ పాఠం మాకు ఏ శిక్షకుడూ చెప్పలేదు. ఆ కేక వేసింది ఈ తెప్ప మనిషే. మూడేళ్లుగా ఆయన దగ్గర చేపలు కొంటున్నాను, పేరు మాత్రం ఇప్పటికీ అడగలేదు. కాబట్టి ఈ తిట్లలో నా వాటా కూడా ఉంది.

చలికాలంలో కాళేశ్వరం వెళ్దామని ఉబలాటపడుతున్నారు. మంచిదే. కానీ ప్రాణహిత కలిశాక అక్కడి గోదావరి మన చెరువు కాదు. "నాకు ఈత వచ్చు, లైఫ్ జాకెట్ ఎందుకు" అనే మహానుభావులు దయచేసి ఒడ్డున టీ కాస్తూ ఉండండి. 2023 జూలైలో మోరంచ వాగు మోరంచపల్లిని ముంచెత్తింది. ఆ ఊళ్లో ఈత వచ్చినవాళ్లు లేరా?

ఇంకో మాట, సందు దొరికింది కాబట్టి. పడవ నీళ్లలోకి దించేటప్పుడు ఇరవై మంది. తిరిగి వచ్చాక బురద కడిగి, జాకెట్లు ఆరబెట్టి, వ్యానెక్కించేటప్పుడు నలుగురం. మిగతావాళ్లకు అప్పుడే ఇంట్లో పని గుర్తుకొస్తుంది.

వచ్చే ఆదివారం ఏడింటికి కాదు, అయిదింటికే వెళ్తున్నాను. వాళ్లు వలలు ఎత్తే వేళ అది. క్షమాపణ చెప్పి, ఏ వైపు వెళ్తే వాళ్లకు ఇబ్బంది ఉండదో అడుగుతాను. వచ్చేవాళ్లు రండి, పడవలు కడిగేదాకా ఉండేటట్లయితేనే.