సైకిలెక్కిన రాజీనామా

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో మళ్ళీ వచ్చింది. నెదర్లాండ్స్ అప్పటి ప్రధాని మార్క్ రుట్టె రాజీనామా ఇవ్వడానికి సైకిల్ తొక్కుకుంటూ రాజుగారి దగ్గరికి వెళ్ళాడట. కింద దండాల బొమ్మలు, 'మనవాళ్ళూ ఉన్నారు ఎందుకు!' అని ఒక నిట్టూర్పు. కాన్వాయ్ లేదు, సైరన్ లేదు. ప్రజాస్వామ్యమంటే రెండు చక్రాలూ ఒక బెల్లూ అని తేలిపోయింది.

2021 జనవరి 15 నాటి సంగతి ఇది. రాజీనామా ఎందుకని ఎవరూ అడగలేదు. సైకిల్ తొక్కేవాణ్ణి ఆపి కారణాలడగడం మర్యాద కాదు కదా!

మార్చిలో ఎన్నికలు. రుట్టె పార్టీయే ముందొచ్చింది. సంకీర్ణం కుదిర్చే పనిలో ఉన్న కాయ్సా ఓలోన్‌గ్రెన్ గారికి కోవిడ్ పాజిటివ్ అని కబురొస్తే, కాగితాలు చంకన పెట్టుకుని గబగబా బయటికొచ్చారు. రాసిన వైపు సరిగ్గా కెమెరాలకే తిరిగి ఉంది. అందులో ఒక ముక్క: 'ఒమ్‌జిఖ్ట్: వేరేచోట పదవి'. పీటర్ ఒమ్‌జిఖ్ట్ అంటే, ప్రభుత్వం కూలిన కుంభకోణాన్ని తవ్వితీసిన ఎంపీ. 'వేరేచోట పదవి' అంటే మన భాషలో శంకరగిరి మాన్యాలు. రుట్టె గారు 'ఆయన మాటే ఎత్తలేదు' అన్నారు. వారంలో రికార్డులు బయటపడితే, ఎత్తారట, గుర్తు తప్పిందట. దీనిమీద పార్లమెంటులో చర్చ ఏ రోజు? ఏప్రిల్ 1. ఒట్టు, నేను కల్పించలేదు. అవిశ్వాసం కొద్దిలో తప్పింది. ఇక బేరసారాలు 299 రోజులు, ఆ దేశంలో అదే రికార్డు. తీరా 2022 జనవరిలో గద్దెనెక్కింది అవే నాలుగు పార్టీలు, అదే రుట్టె. ఊళ్ళన్నీ తిరిగి సంబంధాలు చూసి, విడాకులిచ్చినామెకే మళ్ళీ తాళి కట్టినట్టు.

ఇక ఆ రాజీనామాకి కారణం. పిల్లల్ని క్రెష్‌లో ఉంచే తల్లిదండ్రులకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. ఫారంలో ఒక సంతకం తక్కువైతే చాలు, దొంగలని ముద్ర వేసి ఇచ్చిందంతా కక్కమంది పన్నుల శాఖ. రెండు దేశాల పౌరసత్వం ఉంటే అదీ ఒక అనుమానమే. 20 వేల మందికి పైగా బలయ్యారు. అప్పులపాలయ్యారు, కాపురాలు కూలాయి. ఆ ఇళ్ళలోంచి వెయ్యిమందికి పైగా పిల్లల్ని తీసుకెళ్ళి పరాయి పంచన పెట్టారు. వెయ్యిమంది పిల్లలండీ! వాళ్ళని ఏ బండిలో తీసుకెళ్ళారో, దానికెన్ని చక్రాలో ఎవడూ ఫొటో తీయలేదు. దండాల బొమ్మలు పెట్టే ఆ వేళ్ళకి సిగ్గుండాలి.

ఇదంతా గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాలకి మూడో అంతస్తు రిటైర్డ్ హెడ్‌మాస్టారు బదులిచ్చారు.

'అయినా సైకిల్ మీదే వెళ్ళాడు కదండీ.'