నిజం రాసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి మన సంఘంలో మైకు ఎందుకు ఇవ్వరు?

మన క్రైస్తవ సంఘాల్లో దేవుడు చేసిన మేలు గురించి మైకులో సాక్ష్యం చెప్పడానికి ఎవరిని పిలుస్తున్నారో ఒకసారి గమనించండి. వీసా వచ్చినవారిని, ఇల్లు కట్టుకున్నవారిని, పెళ్లి కుదిరినవారిని, ఆపరేషన్ అవసరం లేకుండానే కిడ్నీలో రాయి పోయినవారిని. వాళ్లు చెప్పాల్సిందే, దేవునికి స్తోత్రం చెల్లించాల్సిందే. నేనూ వారితో కలిసి సంతోషిస్తాను. నా బాధంతా, దేవుని మాట విన్నందుకే నష్టపోయి అదే మందిరంలో వెనక వరసలో కూర్చున్నవారి గురించి. వారి చేతికి ఆ మైకు ఎన్నడూ రాదు. పైగా ఆరాధన ముగిశాక ఎవరో ఒక పెద్దమనిషి వారిని పక్కకు పిలిచి, "బ్రదర్, ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోండి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుతో ఆయన స్నేహితులు అన్నది కూడా సరిగ్గా ఇదే, దేవుడు కోపించింది యోబు మీద కాదు, వాళ్ల మీద. యోబు గ్రంథం చివరి అధ్యాయం దాకా ఓపికగా చదివితే ఆ సంగతి తెలుస్తుంది.

మా సంఘంలో ఒక సోదరుడు ఉన్నారు. పేరు చెప్పను. గ్రానైట్ లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. లారీ కాటా ఎక్కుతుంది, తెర మీద అంకె పడుతుంది, ఆ అంకెను చీటీ మీద వేసి డ్రైవరుకు ఇవ్వాలి. అనుమతికి మించి రాయి ఉన్న రోజున అంకె తగ్గించి వేయమని పైనుంచి ఫోను వస్తుంది. అందరూ వేస్తారు, ఈయన కూడా వేసేవారు. బాప్తిస్మం తీసుకున్నాక ఇక వేయనని చెప్పేశారు. యజమాని తిట్టలేదు, గొడవ పడలేదు. నెల తిరిగేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

తర్వాత జరిగినవన్నీ మనకు తెలిసిన మధ్యతరగతి కష్టాలే. భార్య మెడలో గొలుసు బ్యాంకులో కుదువకు వెళ్లింది. ఆమె జాకెట్లు కుట్టి వచ్చిన డబ్బుతో ఇల్లు నడిపింది. పిల్ల కాలేజీ ఫీజు రెండు సార్లు ఆలస్యమైంది. పరామర్శకు వచ్చిన విశ్వాసులు ఇంట్లో శాపం ఉందన్నారు, మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండమన్నారు, దశమభాగం సరిగా ఇస్తున్నారా అని అడిగారు. కాటా చీటీ సంగతి తెలిసి కూడా, "మీరు మంచి పని చేశారు" అని చెప్పినవారు చాలా తక్కువ.

ఇప్పుడాయన ఒక కిరాణా కొట్టులో లెక్కలు రాస్తున్నారు. పాత జీతం కంటే ఇది తక్కువ. యజమాని కాళ్ల మీద పడి క్షమాపణ అడిగాడనీ, రెట్టింపు జీతంతో పెద్ద ఉద్యోగం వచ్చిందనీ నేను రాస్తే మీకు బాగుంటుందేమో, కానీ అలా జరగలేదు. ఒకరోజు ఆయన నాతో అన్న మాట మాత్రం చెబుతాను: "జీతం వచ్చినన్నాళ్లూ నేను నమ్ముకున్నది దేవుణ్ణో, జీతాన్నో నాకే తెలిసేది కాదండీ. ఇప్పుడు తెలిసింది."

పరీక్ష విశ్వాసాన్ని బలపరుస్తుందని మనం యాంత్రికంగా చెప్పేస్తుంటాం. ఎలా బలపరుస్తుందని అడిగితే జవాబు తడబడుతుంది. నాకు అర్థమైనంతలో ఆ సోదరుడి మాటలోనే జవాబుంది. మన విశ్వాసంలో దేవునితోపాటు చాలా వచ్చి కలిసిపోతాయి: అలవాటు, భయం, లాభం మీద ఆశ, నలుగురిలో మంచిపేరు. అన్నీ బాగున్నప్పుడు వాటిని వేరుచేయడం మన వల్ల కాదు. విధేయతకు ధర చెల్లించాల్సి వచ్చిన రోజున తక్కినవన్నీ పక్కకు తప్పుకుంటాయి. అప్పుడు మిగిలేది కొంచెమే కావచ్చు, కానీ దాని మీద నిలబడవచ్చని మనకు అనుభవంలో తెలుస్తుంది. ఇశ్రాయేలును నలభై ఏళ్లు అరణ్యంలో నడిపించింది వారి హృదయంలో ఉన్నది తెలుసుకోవడానికని ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం చెబుతుంది. దేవునికి తెలియక కాదు గదా. తెలియాల్సింది వారికే.

అబ్రాహామునే చూడండి. కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు పిలిచిన మోరీయా కొండ దగ్గరికి ఆయన ఒక్కరోజులో చేరలేదు. అంతకు ముందు కరువు వస్తే ఐగుప్తుకు వెళ్లాడు, ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. కొడుకును ఇస్తానన్న వాగ్దానం ఆలస్యమైతే దాసి హాగరు ద్వారా దారి వెతుక్కున్నాడు. సొదొమ కోసమైతే యాభై మంది నుంచి పది మంది దాకా దేవునితో బేరమాడాడు. అంత బేరమాడిన మనిషి ఇస్సాకు విషయంలో ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా తెల్లవారగానే లేచి గాడిదకు గంత కట్టాడు. ఆదికాండం 12 నుంచి 22 దాకా వరసగా చదివితే, దేవుడు ఆయనను ఎన్నో ఏళ్లు ఓపికగా నడిపించి ఆ కొండ దగ్గరికి తెచ్చాడని కనిపిస్తుంది. మనవాళ్లు 22వ అధ్యాయం మాత్రమే చదివి, "నీ ఇస్సాకును ఇవ్వు" అంటూ కానుకల సంచీ పట్టుకుని వస్తారు. నాకు నచ్చని ప్రసంగాల్లో మొదటిది ఇదే.

కానుకల మాట వచ్చింది కాబట్టి ఇశ్రాయేలు రాజు సౌలునూ తలచుకోవాలి. అమాలేకీయుల మీద యుద్ధంలో దేవుడు వద్దన్న గొర్రెలలో ఎడ్లలో మంచివి ఏరి ఉంచుకుని, బలి అర్పించడానికే తెచ్చామన్నాడు. ప్రవక్త సమూయేలు ఆ సాకును ఒప్పుకోలేదు, బలికంటే మాట వినడమే శ్రేష్ఠమన్నాడు. మందిరానికి పెద్ద కానుక ఇచ్చి, కూలివాడి వారం డబ్బులు ఆపే విశ్వాసిని నేను చూశాను. ఆయన పేరు గోడ మీద రాతి ఫలకంలో ఉంది. కాటా దగ్గర నిజం వేసినవాడి పేరు ఏ ఫలకం మీదా ఉండదు.

ఇదంతా కొత్త సమస్యేమీ కాదు. నిజానికి మన తెలుగు సంఘం పుట్టుకే దీనికి భిన్నంగా జరిగింది, అది మరిచిపోయామనే నా ఆవేదన. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది 1836లో. 1853 నాటికి కూడా ఫలితం ఎంత స్వల్పమంటే, ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా చెప్పుకునే మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి. మన ఉపవాస కూటాల్లో "ఈ వారంలోనే" అంటూ ప్రకటించే వాగ్దానాలకు అలవాటుపడ్డవారికి ఆ పన్నెండేళ్లు అర్థం కావు.

క్లౌ దగ్గరికి మొదట వచ్చినవారిలో యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. ఆయన వెంట ఆయన జనం కదిలారు. విశ్వాసంలోకి వచ్చినవారు పాటించాల్సినవి ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఈరోజు ఏసీ మందిరంలో కూర్చుని చదివితే ఇవి చాలా తేలికగా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో మాదిగవాడి బతుకులో వీటిని పెట్టి చూడండి. ఊరి జాతరలో డప్పు కొట్టడం ఆయన విధి. కొట్టనంటే ఊరు ఊరంతా పగబడుతుంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లడం ఆయన పని, దాని మాంసం ఆకలితో ఉన్న ఇంటికి తిండి. కోతల కాలంలో ఆదివారం పొలానికి రానంటే రైతు కళ్లం దగ్గర ఇచ్చే గింజలు ఇవ్వడు. ఆ గింజలే ఆయనకు ఏడాది జీతం. వాళ్లు రానన్నారు, కొట్టనన్నారు, తిననన్నారు. ఫలితంగా గింజలు పోయాయి, నీళ్లకు అడ్డుపడ్డారు, దెబ్బలు తగిలాయి, దొంగ కేసులు పడ్డాయి. విధేయత వారికి తెచ్చిపెట్టిన మొదటి ప్రతిఫలం ఇదే. "ఇంట్లో ఏదో పాపం ఉంది చూసుకో" అని పేరయ్య తన జనంతో అని ఉంటే ఒంగోలు సంఘం ఉండేదా?

ఆ తర్వాత 1876లో మొదలై 1878 దాకా మహా కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. బోధకులు ఆ కూలీల మధ్యే తిరిగారు, తట్టలు దించుకుని కూర్చున్నప్పుడు వారితో మాట్లాడారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. అక్కడ క్లౌ చేసిన పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలాలని ఆగాడు. సాయం ఆగిపోయాక 1878లో జనం మళ్లీ వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర పనీ లేదు, డబ్బూ లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పినా కదల్లేదు. మాకు సాయం వద్దు, పని చేసుకుని బతుకుతాం, కావాలంటే మా అరచేతుల్లో బొబ్బలు చూడండి, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగా చచ్చిపోనివ్వండి అన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి.

మిషనరీల పద్ధతుల మీద వేరే విమర్శలు ఉన్నాయి, ఉండవచ్చు. కానీ ఆ అంకెను మన మహాసభల్లో గొప్పగా చెప్పుకుంటూ, దాని ముందున్న నిరీక్షణను దాచేయడం సరికాదు. బియ్యం కోసం మతం మారారని మన తాతముత్తాతల మీద నింద వేసేవారికి ఆ బొబ్బలెక్కిన చేతులే జవాబు. ఆ జవాబును మనం మన పిల్లలకు చెప్పడం లేదు. డిసెంబరు 31 రాత్రి బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డు చేతికిచ్చి పంపుతున్నాం. ఆ కార్డుల పెట్టెలో "లోకములో మీకు శ్రమ కలుగును" అన్న యోహాను 16:33 ఎవరికైనా వచ్చిందా? అది కూడా యేసుప్రభువు ఇచ్చిన మాటే.

ఇప్పటికీ విధేయతకు ధర ఉంది, మన ఇళ్లలోనే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు మాత్రం లేదు, మన రాష్ట్రాల్లో మతం మారిన దళితులు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కిందికి వస్తారు. అంటరానితనం బాప్తిస్మంతో పోదని అందరికీ తెలిసి కూడా ఈ చట్టం నడుస్తోంది. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. ఎందరో పిల్లలు సర్టిఫికెట్టులో ఒక మతం, మనసులో ఒక మతం పెట్టుకుని నలిగిపోతున్నారు. వారిని వేదిక మీదనుంచి వేషధారులని తిట్టడం తేలిక. తన పిల్లల్ని సొంత ఖర్చుతో అమెరికాలో చదివించుకున్న ప్రసంగీకుడు అలా తిట్టడం నేను సహించలేను. నిజం రాసి సీటు పోగొట్టుకున్న పిల్లవాడు ఒక్కడుంటే, ముందు సంఘం వాడి ఫీజు కట్టాలి. ఆ తర్వాత ప్రసంగం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి, లేకపోతే నా మాటల్ని ఎవరో ఒకరు తప్పుగా వాడుకుంటారు. ప్రతి బాధా దేవుడు పెట్టిన పరీక్ష కాదు. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గర ఉండిపొమ్మని, ఇది నీ విశ్వాసానికి పరీక్ష అని ఒక చెల్లెలికి చెప్పడం దేవుని పేరిట చేసే క్రూరత్వం. దేవుడు ఎవనినీ శోధింపడని యాకోబు పత్రికలోనే ఉంది. ఆమెకు ఆశ్రయం ఇవ్వండి, పోలీసు స్టేషనుకు తోడు వెళ్లండి. షుగరు మాత్రలు ఆపేసి విశ్వాసం చూపించమనడం కూడా అంతే. యేసును దేవాలయ శిఖరం మీదనుంచి దూకమన్నది సాతాను అనీ, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని యేసు జవాబిచ్చాడనీ మరిచిపోకండి. సేవకుడి మాట వినడమే దేవుని మాట వినడమని నేర్పే చోట అయితే మరీ జాగ్రత్త. మనుషులకు కాదు, దేవునికే లోబడాలని పేతురు చెప్పింది యెరూషలేములోని మతపెద్దల ముందే.

నేను మాట్లాడుతున్న పరీక్ష వేరు. తప్పు అని తెలిసినదాన్ని చేయనన్నందుకు వచ్చే నష్టం అది. దానియేలు గ్రంథంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో బబులోను రాజు ముందు నిలబడి, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. వాళ్లు అగ్నిగుండంలోకి వెళ్లకముందే, ఫలితం తెలియకముందే ఆ మాట అన్నారు. మనం గుండంలోంచి బయటికి వచ్చిన ఘట్టాన్ని మాత్రమే ప్రసంగిస్తున్నాం. బయటికి రానివారు కూడా విశ్వాసవీరులేనని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చివర ఉంది. రంపాలతో కోయబడినవారు, గొర్రెచర్మాలు వేసుకుని తిరిగినవారు, గుహల్లో తలదాచుకున్నవారు. వారి పేర్లు కూడా అక్కడ లేవు.

కాబట్టి సేవకులకు, సంఘపెద్దలకు నా విన్నపం. నెలలో ఒక ఆదివారమైనా ఆ మైకు ఇంకా జవాబు రానివారికి ఇవ్వండి. మధ్యలో అందుకుని "దేవుడు త్వరలోనే చేస్తాడు" అని ముగింపు మీరు చెప్పేయకండి, వారిని పూర్తిగా మాట్లాడనివ్వండి. దేవుని మాట విన్నందుకు ఆదాయం పోయిన కుటుంబానికి మూడు నెలల బియ్యం, పప్పు ఇవ్వడానికి సంఘం ఖాతాలో ఒక పద్దు తెరవండి. కొత్త సౌండ్ సిస్టమ్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరో, దానికి వాళ్లు ఏమి వదులుకున్నారో మీ నానమ్మనో, అమ్మమ్మనో అడగండి. గింజలా, పొలమా, చుట్టాలా? ఆమె చెప్పగలిగే వయసులో ఉండగానే అడిగి రాసుకోండి. వీలైతే ఆ ఊరి పేరుతో సహా ఇక్కడ కామెంట్లో పెట్టండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.