మా శాఖకు ‘బి’ బటన్ వచ్చిన వైనం

మా కళాశాల గణిత శాఖలో లెక్కలు చేసిపెట్టే సేజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే అది ఉచితం. విలియం స్టైన్ అనే గణితవేత్త 2005లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, మాగ్మా, మేపుల్, మ్యాథమేటికా, మ్యాట్‌ల్యాబ్ అనే నాలుగింటికి స్వేచ్ఛా ప్రత్యామ్నాయంగా నిలవాలన్న సంకల్పంతో పుట్టిందని, ఆ నాలుగింటిలో ఒక్కదానినైనా కొనే స్తోమత మనకు లేదు కాబట్టి మన సంకల్పమూ అదేనని శాఖాధిపతి గారు ఒక్క వాక్యంలో చెప్పి సమావేశం ముగించారు. పేచీ వచ్చింది నక్షత్రాల దగ్గర.

సేజ్‌ను మేము జూపిటర్ నోట్‌బుక్‌లో వాడతాము. అందులో పేజీ అంతా గడులుగా ఉంటుంది. కొన్ని గడులలో లెక్క రాసి షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే కింద జవాబు వస్తుంది. మరికొన్ని గడులలో పాఠమూ వివరణా రాసుకోవచ్చు. ఈ వివరణ రాసే పద్ధతిని మార్క్‌డౌన్ అంటారు. దాని ప్రకారం ఒక మాట బొద్దుగా కనిపించాలంటే ముందు రెండు నక్షత్రాలు, వెనుక రెండు నక్షత్రాలు పెట్టాలి. శీర్షిక కావాలంటే వాక్యానికి ముందు # గుర్తు వేయాలి. దశాబ్దాలుగా నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి ‘ఇది పరీక్షకు వస్తుంది’ అని చెప్పడానికి అలవాటు పడిన మా బీజగణితం మాస్టారికి ఇది బొత్తిగా నచ్చలేదు. “నక్షత్రం అంటే గుణకారం కదండీ. నా సిద్ధాంతాన్ని అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు నేను దేనితో గుణించాలి?” అని ఆయన నిలదీశారు.

ఆయన కోరిక పెద్దదేమీ కాదు. వర్డ్‌లో ఉన్నట్టు పైన ఒక వరుస ఉండాలి, ఆ వరుసలో ‘బి’ అనే బటన్ ఉండాలి, దాన్ని నొక్కితే అక్షరం బొద్దుగా కావాలి. వీలైతే ఎరుపు రంగు కూడా ఉండాలి. తన కోరికకు ఆయన చరిత్ర నుంచి ఆధారం కూడా చూపించారు. సేజ్‌కు ఒకప్పుడు సొంత నోట్‌బుక్ ఉండేది. అందులో గడికీ గడికీ మధ్య తేలే నీలి గీత మీద షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే టైనీఎంసీఈ అనే ఎడిటర్ బటన్లతో సహా తెరుచుకునేది. 2020 జనవరిలో వచ్చిన 9.0 వెర్షన్‌తో సేజ్ తనను రాసిన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మూడో తరానికి, అంటే పైథాన్ 3కు మారింది, ఆ మార్పులో పాత నోట్‌బుక్ మూలకు చేరింది, దాని స్థానం జూపిటర్‌కు దక్కింది. “ఉన్న సదుపాయాన్ని తీసివేయడాన్ని పురోగతి అని ఎవరన్నారు?” అన్నది మాస్టారి రెండో ప్రశ్న. దీనికి మా వద్ద జవాబు లేకపోవడంతో, కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కుర్రాడు ముందుకు వచ్చాడు.

“స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కదా సర్, మూల కోడ్ మన చేతిలోనే ఉంది. అలాంటి ఎడిటర్ ఒకటి తెచ్చి మనమే అతికించుకోవచ్చు, లైసెన్సు ఒప్పుకుంటుంది” అన్నాడు.

“లైసెన్సు ఒప్పుకుంటే చాలదు నాయనా, టైమ్‌టేబుల్ ఒప్పుకోవాలి” అన్నారు శాఖాధిపతి గారు. టైమ్‌టేబుల్ ఒప్పుకోలేదు కాబట్టి కుర్రాడు దసరా సెలవులలో కూర్చుని ఆ పని పూర్తి చేశాడు. సెలవుల తరువాత మేము వచ్చి చూసేసరికి వివరణ గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే నిజంగానే బటన్ల వరుస ప్రత్యక్షమైంది. మాస్టారు మొట్టమొదట తన పేరును బొద్దుగా చేసుకున్నారు, తరువాత ఎరుపు చేసుకున్నారు, తరువాత ఆ రెండూ కలిపి కింద గీత గీసుకున్నారు. “ఇక కంటికి ఎలా కనిపిస్తే అలాగే ఉంటుంది సర్” అని కుర్రాడు భరోసా ఇచ్చాడు. ఈ వాక్యాన్ని ఆయన తన పాకెట్ డైరీలో రాసుకున్నారు. అలా రాసుకున్న సంగతి కుర్రాడికి అప్పుడు తెలియదు.

మర్నాడు ఉదయం మాస్టారు ఒక కొత్త గడి తెరిచి, అందులో ఒక బహుపదిని చక్కని నీలిరంగులో రాసి, దాని కారణాంకాలు కావాలని కంప్యూటర్‌ను ఆదేశించి, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కారు. కర్సర్ ఒక గీత కిందికి దిగింది. ఆయన ఓపికపట్టారు. పెద్ద బహుపది కదా, సమయం పడుతుంది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఒక గీత దిగింది. నేను వెళ్ళి చూసేసరికి బహుపది తెర పైఅంచు దాటి ఎటో వెళ్ళిపోయింది, మాస్టారు ఖాళీ పేజీ ఎదుట కళ్ళద్దాలు తుడుచుకుంటూ “లెక్క చేస్తున్నట్టుందండీ” అన్నారు. అసలు సంగతి ఏమంటే, నోట్‌బుక్ భాషలో షిఫ్ట్-ఎంటర్ అంటే ‘జవాబు చెప్పు’ అని అర్థం; ఎడిటర్ భాషలో అదే జోడీకి ‘పేరా మార్చకుండా కింది గీతకు వెళ్ళు’ అని అర్థం. రెండూ తమ తమ ఇళ్ళలో ఏనాటి నుంచో చెల్లుతున్న ఆచారాలే. ఒకే కప్పు కింద కాపురం పెట్టించినవాళ్ళు ముందుగా మాట్లాడుకోవలసింది.

లెక్కలను లెక్కల గడిలోనే రాయాలని కుర్రాడు వినయంగా విన్నవించాడు. మాస్టారు సరేనని, తన పాత వర్డ్ ఫైలులో అందంగా టైపు చేయించుకున్న సమీకరణాలను కాపీ చేసి లెక్కల గడిలో అతికించారు. ఈసారి జవాబు తక్షణం వచ్చింది, ఎర్ర అక్షరాలలో: చెల్లని అక్షరం, యూ ప్లస్ 2212. ఆ సంఖ్య వెనుక ఉన్నది తీసివేత గుర్తు. ముద్రణలో అందంగా కనిపించే తీసివేత గుర్తు ఒకటి, కీబోర్డు మీద సున్నా పక్కన ఉండే పొట్టి గీత మరొకటి. పైథాన్‌కు రెండవది మాత్రమే తెలుసు. మనిషి కంటికి ఆ రెండింటి మధ్య తేడా వెంట్రుకవాసి. మాస్టారు డైరీ తీసి, దసరా తరువాతి పేజీ తెరిచి, “కంటికి ఎలా కనిపిస్తే అలాగే ఉంటుంది” అని గంభీరంగా చదివి వినిపించారు. తీసివేతను సరిచేశాక కొటేషన్ గుర్తుల వంతు వచ్చింది. వర్డ్ వాటిని ఎడమకు ఒకలా, కుడికి ఒకలా వంచి పెడుతుంది, పైథాన్‌కు నిటారుగా ఉన్నవే కావాలి. ఆ మధ్యాహ్నమంతా మా శాఖలో గుర్తులను నిటారుగా నిలబెట్టే పని జరిగింది.

ఇవన్నీ శాఖ నాలుగు గోడల మధ్య జరిగినవి. తనిఖీ బృందం వచ్చిన రోజు జరిగినవి వేరు.

ఆ రోజు ప్రదర్శనకు మాస్టారు రెండు పాఠాలు ఎంచుకున్నారు: కలన గణితంలో అవధి నిర్వచనం, వ్యాపార గణితంలో చక్రవడ్డీ. అవధి నిర్వచనంలో ‘కన్నా తక్కువ’ అనే గుర్తు మూడుసార్లు వస్తుంది; గణితంలో అంత నిరపాయమైన గుర్తు మరొకటి లేదు. వెబ్ పేజీలను రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం ట్యాగు, అంటే పేజీకి ఇచ్చే ఆదేశం, మొదలయ్యేది ఆ గుర్తుతోనే. అందుచేత హెచ్‌టీఎంఎల్‌లో పుట్టి పెరిగిన మా ఎడిటర్ ఆ గుర్తును చూడగానే జాగ్రత్తపడి, దాని బదులు &, ఎల్, టీ, సెమికోలన్ అనే నాలుగు అక్షరాలను దాచిపెడుతుంది. బ్రౌజరు వాటిని చదివి మళ్ళీ గుర్తుగా చూపిస్తుంది కాబట్టి టైపు చేసేవారికి ఏమీ తెలియదు. చిక్కల్లా ఏమిటంటే, రెండు డాలరు గుర్తుల మధ్య ఉన్నది గణిత సూత్రమని నమ్మే జూపిటర్ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా, సూత్రాలను తెర మీద తీర్చిదిద్దే మ్యాథ్‌జాక్స్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. మ్యాథ్‌జాక్స్ చదివే లేటెక్ అనే సూత్రాల రాత పద్ధతిలో & గుర్తు మాత్రికలో నిలువు వరుసలను విడదీయడానికి పనికివస్తుంది. అవధి నిర్వచనంలో మాత్రిక ఏమిటని అది అడిగింది. తగని చోట గుర్తు ఉన్నదని బృందం ఎదుట ఇంగ్లీషులో ఫిర్యాదు చేసింది. ఎడిటర్‌లో సూత్రం నిక్షేపంగా ఉంది. ఎడిటర్ మూసిన మరుక్షణం ఫిర్యాదు ప్రత్యక్షమవుతుంది. మాస్టారు తెరిచారు, మూశారు, తెరిచారు, మూశారు. బృందంలో ఒకాయన ఏదో రాసుకున్నారు.

చక్రవడ్డీకి వెళ్ళిపోదామని శాఖాధిపతి గారు సైగ చేశారు. ఆ లెక్క విదేశీ పాఠ్యపుస్తకం నుంచి తెచ్చినది కాబట్టి అసలు 500 డాలర్లు, తిరిగి చెల్లించేది 600 డాలర్లు, సంఖ్యలకు ముందు డాలరు గుర్తు సహా. మొదటి డాలరు గుర్తుకూ రెండవ డాలరు గుర్తుకూ మధ్య ఉన్న తెలుగు అంతా సూత్రమేనని జూపిటర్ నిర్ధారించుకుంది. సూత్రాలలో ఖాళీలకు విలువ లేదు. తత్ఫలితంగా ‘అప్పుగా తీసుకున్న వ్యక్తి రెండేళ్ళ తరువాత వడ్డీతో కలిపి’ అన్న వాక్యభాగం ప్రబంధకవులు కూడా సాహసించని ఏకసమాసంగా తెర మీద వెలసింది. ఇంతసేపూ మౌనంగా వెనుక కూర్చున్న తెలుగు శాఖ ఆచార్యులు ఒక్కరే దాన్ని తడబడకుండా పైకి చదివారు.

కుర్రాడు నాలుగు రోజులలో వీటిని సరిచేశాడు. సూత్రాల జోలికి పోవద్దని ఎడిటర్‌కు నచ్చజెప్పడం, ధరల ముందు డాలరుకు వెనుగీత (\) తగిలించడం వగైరా. ఆ వివరాలు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అప్పటికే మాస్టారు తన దారి తాను వెతుక్కున్నారు. ఎడిటర్ వరుసలో ‘బి’కి నాలుగు బటన్ల అవతల ఒక కొండ బొమ్మ ఉంది, దాన్ని నొక్కితే ఫొటో చేర్చవచ్చు. ఆయన అవధి నిర్వచనాన్ని తెల్లకాగితం మీద సిరాతో రాసి, సెల్‌ఫోనులో ఫొటో తీసి, ఆ బొమ్మను నోట్‌బుక్‌లో పెట్టారు. జూపిటర్ ఫైలు మొత్తం అక్షరాలతోనే ఉండాలి కాబట్టి ఫొటో కూడా అక్షరాలుగా మారి, ఆ మారడంలో మూడో వంతు బరువెక్కి లోపల కూర్చుంటుంది. ఒక పేజీ పాఠం ఇప్పుడు ఐదు మెగాబైట్లు దాటింది, ల్యాబ్‌లో దాన్ని తెరిచేలోపు విద్యార్థులు హాజరు వేయించుకుని కాంటీన్‌కు వెళ్ళి రావచ్చు. కానీ మా శాఖ మొత్తం మీద ఒక్క ఫిర్యాదూ చూపించని నోట్‌బుక్ అదొక్కటే, ఆ సంగతిని మాస్టారు ప్రతి సమావేశంలోనూ మినిట్స్‌లో రాయిస్తున్నారు.

నిన్న ఆయన మళ్ళీ ల్యాబ్‌కు వచ్చారు. ఫొటోలు అడ్డంగా పడుతున్నాయట, విద్యార్థులు మెడలు వంచి చదువుతున్నారట, తిప్పే బటన్ ఒకటి కావాలట. కుర్రాడు సంక్రాంతి సెలవులు ఎప్పటినుంచో కనుక్కోవడానికి ఆఫీసుకు వెళ్ళాడు.